శాండ్‌విచ్‌లోకి క్రాబ్ స్టిక్కా, ఉడికించిన రొయ్యా, అసలు పీతా?

నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్లలో కాస్త పెద్ద సూపర్ మార్కెట్లకు వెళితే, చికెన్ నగెట్లు, పచ్చి బఠాణీలు పెట్టే ఫ్రీజర్‌లో ఒక పక్కన ఎరుపు అంచుతో తెల్లగా వేలెడంత పొడవున్న క్రాబ్ స్టిక్స్ ప్యాకెట్లు ఇప్పుడు కనిపిస్తున్నాయి. వాటిని చీల్చి, మయోనైజ్‌లో కలిపి, రొట్టె ముక్కల మధ్య పెడితే పది నిమిషాల్లో శాండ్‌విచ్ తయారవుతుందన్న మాట నిజమే. అయితే రొయ్యల చెరువుల మధ్య, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మనకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇంటి దగ్గరే రొయ్యలు, పీతలు దొరుకుతుండగా, గడ్డకట్టిన ఈ ప్యాకెట్ ఎందుకు కొనాలి? ఏ రోజు కొనాలి, ఏ రోజు వద్దనుకోవాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో కూర్చుని తినే శాండ్‌విచ్‌కు ఉడికించిన వనామి (మన చెరువుల్లో ఎక్కువగా పెంచే రకం) రొయ్యకు సాటి వచ్చేది లేదు. ఉదయం పిల్లలను బడికి పంపే హడావిడిలోనో, చెప్పకుండా చుట్టాలు దిగినప్పుడో, చేతికి నీచు వాసన అంటకుండా పని అయిపోవాలనుకున్నప్పుడో క్రాబ్ స్టిక్ నిజంగా ఆదుకుంటుంది. అసలు పీతను శాండ్‌విచ్ కోసమే ప్రత్యేకంగా కొనడం మాత్రం నేను సిఫారసు చేయను. ఈ మూడింటికీ కారణాలు వేరు, కలిపే తీరు కూడా వేరు.

క్రాబ్ స్టిక్ అంటే ఏమిటో తెలిస్తే దాన్ని వాడే పద్ధతి దానంతటదే తెలుస్తుంది. దాని పేరులో పీత ఉన్నా, అది ప్రధానంగా చేప. తెల్లని కండ ఉన్న చేపను ముల్లూ తోలూ తీసి నూరి, ఆ ముద్దను చల్లని నీళ్లతో పలుమార్లు కడుగుతారు. నీళ్లలో కరిగే పదార్థాలు, కొవ్వు, రక్తం, వాసన కడుగుడులో పోయి, జిగురుగా గట్టిపడే గుణమున్న మాంసకృత్తులు మిగులుతాయి. జపాన్ వాళ్లు ఈ ముద్దను సురిమి అంటారు. ఉత్తర పసిఫిక్ సముద్రంలో దొరికే అలాస్కా పొలాక్ చేపతో దీన్ని ఎక్కువగా చేస్తారు. మన దేశంలో పశ్చిమ తీరంలోని కర్మాగారాలు వేరే రకం చేపలతో సురిమి తయారుచేసి ప్రధానంగా ఎగుమతి చేస్తున్నాయి. ఈ ముద్దకు ఉప్పు, పంచదార, పిండి పదార్థం, గుడ్డు తెల్లసొన, పీత రుచి చేర్చి, పల్చని పొరగా పరిచి ఆవిరితో ఉడికించి, ఆ పొరను సన్నని గాట్లతో నారలు నారలుగా చేసి చుట్టి, పైన రంగు పూస్తారు. 1970వ దశకం తొలినాళ్లలో జపాన్‌లో మొదలైన ఈ స్టిక్ అక్కడి నుంచి ప్రపంచమంతా వ్యాపించింది.

ఒక స్టిక్‌ను చేతిలోకి తీసుకుని కొస దగ్గర గోటితో గిల్లి చూడండి. పొర కదులుతుంది. దాన్ని పట్టుకుని మెల్లగా లాగితే అరటి దవ్వలోంచి నార వచ్చినట్టు పొడవాటి తెల్లని పోగులు విడివడతాయి. శాండ్‌విచ్‌కు స్టిక్‌ను ఇలా చేత్తోనే విప్పాలి. కత్తితో గుండ్రంగా చక్రాలు కోస్తే నోట్లో రబ్బరు ముక్కల్లా తగులుతుంది, పైగా మయోనైజ్ లోపలికి పట్టదు. పోగులుగా విప్పినప్పుడే అది పీత కండను తలపిస్తుంది. పది స్టిక్స్ విప్పడానికి మూడు నిమిషాలు చాలు.

పోషకాల దగ్గర తేడా పెద్దదే. నూరు గ్రాముల క్రాబ్ స్టిక్‌లో మాంసకృత్తులు సుమారు 7 నుంచి 8 గ్రాములు ఉంటే, పిండి పదార్థాలు, చక్కెర కలిపి దాదాపు 15 గ్రాములు ఉంటాయి. అదే బరువున్న ఉడికించిన రొయ్యలోనూ పీత కండలోనూ మాంసకృత్తులు 18 నుంచి 24 గ్రాముల దాకా ఉంటాయి, పిండి పదార్థం ఉండీ లేనట్టుగా ఉంటుంది. స్టిక్‌లో ఉప్పు కూడా ఎక్కువే. నూరు గ్రాములకు సోడియం 500 మిల్లీగ్రాములు దాటడం సాధారణం. రక్తపోటు ఉన్న పెద్దవాళ్లకు ఇది పట్టించుకోవలసిన విషయం. ఎదిగే పిల్లవాడి డబ్బాలో మాంసకృత్తుల కోసమని పెడుతున్నట్టయితే స్టిక్ ఆ పని పూర్తిగా చేయదు. కొవ్వు మాత్రం చాలా తక్కువ కాబట్టి, మయోనైజ్ తగ్గించి పెరుగు కలిపితే తేలికపాటి తిండి అవుతుంది.

ప్యాకెట్ కొనేటప్పుడు వెనుక ఉన్న పదార్థాల జాబితా చదవడం తప్పనిసరి. బరువులో ఏది ఎక్కువో అది ముందు ఉండాలన్నది నియమం. మొదటి పేరు చేప గానీ సురిమి గానీ అయి ఉండాలి. నీళ్లు, పిండి పదార్థం ముందుకు వచ్చి, చేప మూడో స్థానంలోకి జారిన ప్యాకెట్‌ను తిరిగి ఫ్రీజర్‌లో పెట్టేయండి. అలాంటిది కరిగాక మెత్తగా నీళ్లు కారుతుంది. రంగు గురించి కూడా చూడాలి. తిండిలో కలిపే రంగుల వంటి వాటిని ఐఎన్‌ఎస్ సంఖ్యలతో రాస్తారు. ఐఎన్‌ఎస్ 160సి అని ఉంటే అది మిరప జాతి నుంచి తీసిన రంగు, ఐఎన్‌ఎస్ 120 అని ఉంటే ఒక రకం పురుగుల నుంచి తీసిన కార్మైన్. రెండూ అనుమతి ఉన్నవే అయినా, ఏది తినాలో తెలిసి నిర్ణయించుకోవడం మంచిది. ప్యాకెట్ లోపల మంచు పలుకులు గడ్డలుగా పేరుకుని ఉంటే దారిలో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అనుమానించాలి. నేను అలాంటిది తీసుకోను.

అలర్జీ ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. రొయ్య, పీత పడని వాళ్లు, ఇందులో ఉన్నది చేపే కదా అని ధైర్యంగా తినేస్తే ప్రమాదం. రుచి కోసం నిజమైన పీత నుంచి తీసిన సారాన్ని చాలా రకాల్లో కలుపుతారు. చేప పడని వాళ్లకు ఇది ఎలాగూ పనికిరాదు. గోధుమ, గుడ్డు, సోయా కూడా తరచుగా ఉంటాయి. మత నియమం ప్రకారం పీత తినని మిత్రులను భోజనానికి పిలిచినప్పుడు కూడా ఆ జాబితా వాళ్లకు చూపించి అడగడం మర్యాద.

స్టిక్‌ను ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చి ఉంచితే తెల్లారేసరికి సరిగ్గా కరుగుతుంది. తొందరగా కావాలంటే ప్యాకెట్ విప్పకుండా చల్లని నీళ్ల గిన్నెలో అరగంట ముంచండి. వేడి నీళ్లలో వేస్తే పైపొర ఊడి, లోపల గడ్డగానే ఉండిపోతుంది. కర్మాగారంలోనే ఉడికిస్తారు కాబట్టి చాలా రకాలను నేరుగా తినవచ్చు. అయితే కొన్ని ప్యాకెట్ల మీద వండి తినాలని ఉంటుంది. అలా ఉన్నా, ఇంట్లో గర్భవతులు, చంటిపిల్లలు, ముసలివాళ్లు తింటున్నా, ఇడ్లీ పాత్రలో బాగా పొగలు వచ్చేదాకా ఆవిరి పట్టి చల్లార్చి వాడడమే క్షేమం.

ఇక రొయ్య సంగతి. వనామి సాగుకు మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. అంతకు ముందు 1990వ దశకంలో తెల్లమచ్చ వైరస్‌తో టైగర్ రొయ్య సాగు దెబ్బతిన్న రోజులు ఈ తీరంలో ఎవరూ మరచిపోలేదు. ఇప్పుడు ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మొదలుకొని సింగరాయకొండ, కొత్తపట్నం దాకా చెరువుల్లో పెరిగేది ఎక్కువగా వనామే. పట్టుబడి జరిగిన రోజున ఐసులో పెట్టిన రొయ్య చేతికి వస్తే, దాని తీపి ఏ ప్యాకెట్‌లోనూ దొరకదు. రొయ్యలను మనవాళ్లు కౌంటు లెక్కన కొంటారు. కిలోకు యాభై తూగితే యాభై కౌంటు. శాండ్‌విచ్‌కు ముప్పై కౌంటు అనవసరపు ఖర్చు. ఎలాగూ ముక్కలుగా కోస్తాం కాబట్టి అరవై నుంచి ఎనభై కౌంటు మధ్య రొయ్య సరిపోతుంది. వంద కౌంటు ఇంకా చవకే గానీ, ఒలిచేసరికి ఓపిక అయిపోతుంది.

తల ఒంటికి గట్టిగా అంటుకుని ఉండాలి. వేలితో కదిపితే ఊడిపోయే తల, కాళ్ల దగ్గర నల్లబడిన మచ్చలు, ముక్కుకు ఘాటుగా తగిలే వాసన, ఈ మూడింటిలో ఏది కనిపించినా వదిలేయండి. మా వీధి మలుపులో రొయ్యలు అమ్మే ఆవిడ తూకం వేశాక ప్రతిసారీ, "ఒలిచి ఇచ్చేదా అమ్మా, నువ్వే ఒల్చుకుంటావా?" అని అడుగుతుంది. తొందరలో ఉన్న రోజు ఆ కాస్త కూలి ఇచ్చి ఒలిపించుకోవడమే తెలివైన పని. క్రాబ్ స్టిక్‌కూ రొయ్యకూ మధ్య ఉన్న సమయపు తేడా అక్కడే సగానికి తగ్గిపోతుంది. తలకాయలు, పొట్టు మాత్రం విడిగా అడిగి తెచ్చుకోండి. వాటిని నీళ్లలో మరిగించి వడగట్టుకుంటే సాయంత్రం పులుసుకు ఆ నీళ్లు అద్భుతంగా పనికొస్తాయి.

అర కిలో తలకాయ రొయ్య ఒలిస్తే పావు కిలో పైచిలుకు వస్తుంది, ఉడికాక ఇంకొంత తగ్గి నాలుగు శాండ్‌విచ్‌లకు సరిపడా మిగులుతుంది. కూరకు కడిగినట్టు పసుపు పట్టించి కడగవద్దు. పసుపు రంగు మయోనైజ్‌లోకి దిగి సలాడ్ అంతా పచ్చబడుతుంది, ఆ రుచి కూడా ఇక్కడ పొసగదు. ఉప్పు, కొద్దిగా నిమ్మరసం చాలు. వీపు మీద సన్నగా గాటు పెట్టి నల్ల నరం తీసేసి, ఉప్పు వేసి తెర్లుతున్న నీళ్లలో రొయ్యలు వేసి, అక్కడే నిలబడి చూడండి. బూడిద రంగు గాజులా ఉన్న కండ అంచుల నుంచి తెల్లబడుతూ, వీపున గులాబీ గీతలు తేలుతూ, తోక మెల్లగా లోపలికి వంగుతుంది. రొయ్య సగం వంకీ తిరిగి, మధ్యలో ఎక్కడా గాజు రంగు మిగలనప్పుడు దించాలి. అరవై కౌంటు రొయ్యకు ఇది రెండు నిమిషాల పని. తలా తోకా కలిసి సున్నాలా చుట్టుకుపోయిందంటే కండ బిరుసెక్కింది, ఇక మెత్తబడదు. దించిన వెంటనే ఐసు నీళ్లలో వేసి, చల్లారాక గుడ్డ మీద పరిచి పూర్తిగా తడి ఆర్చాలి.

ఈ తడి ఆర్చడం గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి నెల్లూరు నుంచి ఒంగోలుకు కారులో వెళుతూ దారిలో తిందామని రొయ్యల శాండ్‌విచ్‌లు కట్టుకున్నాం. తొందరలో రొయ్యలను సరిగా ఆర్చలేదు, కీరదోసకాయ ముక్కలను ఉప్పు చల్లి పిండకుండానే కలిపేశాను. కావలి దాటేసరికి డబ్బా తెరిస్తే అడుగు రొట్టె ముద్దయిపోయి, చేత్తో ఎత్తడానికి కూడా రాలేదు. పిల్లలు పైన ఉన్న రొయ్యలు మాత్రం ఏరుకుని తిన్నారు. అప్పటి నుంచి నాకు రెండు నియమాలు ఏర్పడ్డాయి. కీరదోస ముక్కలకు ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచి గట్టిగా పిండాకే కలుపుతాను. రొట్టె లోపలి వైపు అంచుల దాకా వెన్న రాస్తాను. వెన్న పొర తడిని రొట్టెలోకి దిగనీయదు. క్రాబ్ స్టిక్ ఈ విషయంలో రొయ్య కంటే మెరుగు. దానిలోని పిండి పదార్థం నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి, మంచి రకం స్టిక్‌తో చేసిన సలాడ్ డబ్బాలో రెండు గంటలు ఉన్నా నీరు ఊరదు. డబ్బాలో పెట్టి పంపే శాండ్‌విచ్‌కు స్టిక్‌ను ఎంచుకోవడానికి ఇది నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం.

పీత విషయానికి వస్తే, మన వైపు ఎండ్రకాయ అని పిలుచుకునే ఈ ప్రాణి రుచిలో ఎవరికీ తీసిపోదు. అయితే కిలో పీతలు తెస్తే కండ వచ్చేది ఇంచుమించు నాలుగో వంతు. పది పదిహేను నిమిషాలు ఉడికించి, చల్లార్చి, పెంకు పగలగొట్టి, గూళ్లలోంచి కండ తీసి, అందులో పెంకు పలుకు లేకుండా వేళ్లతో వెతకడానికి అలవాటు లేని చేతికి గంట పడుతుంది. అంత శ్రమ పడి తీసిన కండను మయోనైజ్‌లో ముంచడం నాకు మనసొప్పదు. దానికి మిరియాల వేపుడో, పులుసో తగిన మర్యాద. ఒకవేళ ఇంట్లో పీతల కూర వండుతున్న రోజైతే, రెండు పీతలను మసాలా వేయకుండా విడిగా ఉడికించి పక్కన పెట్టుకోండి. మరుసటి ఉదయానికి ఇద్దరికి శాండ్‌విచ్ అవుతుంది. ముందు కాళ్లు పెద్దవిగా ఉండే మగ పీతలో ఆ కాళ్ల కండ ఎక్కువ. పొట్ట కింది మూత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. అమావాస్య రోజుల్లో పీత నిండుగా ఉంటుందని మన పెద్దలు చెబుతారు. ఏ రోజైనా సరే, కింది పెంకును నొక్కితే లొత్తపడకుండా గట్టిగా ఉన్నదే కొనండి.

రేకు డబ్బాల్లో నిల్వచేసి అమ్మే సూర చేప (ట్యూనా) గురించి ఒక మాట. అది రుచిలో వీటి పక్కన నిలవదు గానీ, వరద రోజుల్లో కరెంటు లేక ఫ్రిజ్ పనిచేయనప్పుడు అలమరలో ఉండి ఆదుకునేది అదొక్కటే.

కలపడంలో మూడింటికీ ఒకే కొలత పెట్టడం వల్లనే చాలామంది స్టిక్ శాండ్‌విచ్ బాగాలేదంటారు. స్టిక్‌లో పంచదార ఉంది, ఉప్పు ఉంది, పదును లేదు. కాబట్టి దానికి అదనపు ఉప్పు అసలు వేయకుండా, పులుపూ కారమూ పెంచాలి. 250 గ్రాముల స్టిక్‌కు మూడు పెద్ద చెంచాల మయోనైజ్, రెండు చెంచాల నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు, ఒక చిన్న ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు సన్నని తరుగుగా, అర చెంచా మిరియాల పొడి, గుప్పెడు కొత్తిమీర నేను వాడే కొలత. వేసవిలో నిమ్మకాయ బదులు ఉలవపాడు పచ్చి మామిడిని కందిగింజంత ముక్కలుగా తరిగి వేయండి. చేపల పులుసులో మామిడి ముక్క చేసే పనినే ఇక్కడా చేస్తుంది, పైగా స్టిక్‌లో లేని కరకర తెస్తుంది. రొయ్యకు మయోనైజ్ రెండు చెంచాలకు తగ్గించి, నిమ్మరసం, మిరియాలు, తగినంత ఉప్పు వేయాలి. ఒక్క మిరపకాయ చాలు. లేకపోతే దాని తీపి కారం కింద పడిపోతుంది. పీత కండకు ఒక చెంచా మయోనైజ్, నాలుగు చుక్కల నిమ్మరసం తప్ప ఇంకేమీ వద్దు, ఉల్లిపాయ కూడా వద్దు.

మయోనైజ్ సీసాలో కొన్నదే వాడండి. ఇంట్లో పచ్చి గుడ్డుతో గిలక్కొట్టినది ఈ ఎండల్లో నమ్మదగినది కాదు. పచ్చి గుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో, తమిళనాడు ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఏడాది పాటు నిషేధించడానికి ఇటువంటి భయమే కారణం. గుడ్డు లేని రకం కూడా స్టిక్ సలాడ్‌కు చక్కగా సరిపోతుంది. రొట్టెలో పెద్ద ఎంపిక లేదు. స్టిక్ తియ్యగా ఉంటుంది కాబట్టి తీపి పాల రొట్టె దానికి నప్పదు, గోధుమ రొట్టె నయం. రొయ్యకు పాల రొట్టె బాగుంటుంది.

వేసవి సంగతి వేరుగా చెప్పుకోవాలి. రోహిణీ కార్తెలో నెల్లూరు ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో, ఈ మూడింటిలో దేనితో చేసిన సలాడ్ అయినా బయట గంటకు మించి ఉండకూడదు. చల్లని రోజుల్లో అయినా రెండు గంటలే హద్దు. బడికి పంపేటప్పుడు గడ్డకట్టిన నీళ్ల సీసాను డబ్బా పక్కన సంచిలో పెట్టి, ఉదయపు విరామంలోనే తినమని చెప్పండి. మధ్యాహ్నం దాకా డబ్బాలో ఉంటుందనుకుంటే ఆ రోజుకు సముద్రపు తిండి మానేసి బంగాళాదుంప కూర పెట్టడం మేలు. మైపాడు తీరానికి వెళ్లే రోజున నేను రొట్టె, సలాడ్ వేర్వేరు డబ్బాల్లో పెట్టి, సలాడ్ డబ్బాను ఐసులో ఉంచి, అక్కడ కూర్చున్నాకే కలుపుతాను.

ఒకసారి కరిగిన స్టిక్స్‌ను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టవద్దు. పోగులు విడిపోయి స్పంజిలా తయారవుతాయి. సగం ప్యాకెట్ మిగిలితే మూతగట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో ఉంచి, ప్యాకెట్ మీద వేరే గడువు లేకపోతే రెండు రోజుల్లోపు వాడేయండి. మా ఇంట్లో అలా మిగిలినవి రెండో రోజు గుడ్డు అట్టులోకి వెళతాయి. ఉల్లిపాయ, కరివేపాకు, పచ్చిమిరపకాయ వేగాక స్టిక్ పోగులు వేసి ఒక నిమిషం కలిపి, పైన గిలక్కొట్టిన గుడ్డు పోస్తే సరి. దానికి ఉప్పు మాత్రం చివరన రుచి చూసే వేయండి.